డిస్కు బోల్టు వదులైందంటే ముందు ఏ బోల్టో తేల్చుకోవాలి

పాత కారు చక్రం విప్పినప్పుడు బ్రేకు డిస్కు చేతికి ఊగితే, దాని ముఖం మీద స్క్రూ ఉండవలసిన చోట ఖాళీ రంధ్రం కనిపిస్తే, ఇంతకాలం ఈ బండిలోనే పిల్లలను ఎక్కించుకుని తిరిగామా అని ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. మరికొందరి విషయంలో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. బ్రేకు తొక్కగానే ముందు చక్రం దగ్గర టక్కుమని శబ్దం వస్తున్నా, డిస్కు బోల్టు కాస్త వదులైంది, ఏమీ కాదని ఎవరో చెప్పిన మాట నమ్మి నెలల తరబడి అలాగే నడుపుతారు. మొదటివారి భయానికి చాలా సందర్భాలలో ఆధారం ఉండదు. రెండోవారి ధైర్యం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. డిస్కు బోల్టు అనే ఒక్క మాట కింద ఐదు వేర్వేరు బిగింపులను కలిపేసి మాట్లాడుకోవడమే ఈ తికమకకు మూలం.

మన రోడ్ల మీద నేటికీ విరివిగా తిరుగుతున్న, 2003 చివరి నుంచి 2008 వరకు అమ్ముడైన హోండా సిటీని ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని వివరిస్తాను. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉన్న బండి అది. ఆ కాలపు చిన్న కార్లలో చాలా వాటికి ఇదే అమరిక ఉంటుంది కనుక, కొలతలు మారినా తనిఖీ పద్ధతి మీ కారుకూ పనికివస్తుంది.

ఏది దేన్ని పట్టి ఉంచుతుంది

సిటీ ముందు డిస్కు ఒక టోపీలాగా హబ్ మీద, అంటే చక్రాన్ని బిగించే, చక్రంతో పాటు తిరిగే మధ్య భాగం మీద, కూర్చుంటుంది. హబ్ నుంచి బయటకు వచ్చిన నాలుగు స్టడ్లు, అంటే మరలున్న కడ్డీలు, డిస్కు రంధ్రాల గుండా, తరువాత చక్రం రంధ్రాల గుండా బయటికి వస్తాయి. వాటి మీద చక్రం నట్లు బిగించినప్పుడు చక్రమూ డిస్కూ హబ్బూ మూడూ కలిసి ఒకే ముద్దగా అదుముకుంటాయి. బ్రేకు వేసినప్పుడు పుట్టే బలాన్ని హబ్‌కు చేరవేసేది ఈ అదుము వల్ల కలిగే రాపిడే. డిస్కు ముఖం మీద కనిపించే రెండు చిన్న స్క్రూలకు ఈ పనిలో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. కర్మాగారంలో కారు తయారవుతున్నప్పుడు, ఆ తరువాత ఎప్పుడైనా చక్రం విప్పినప్పుడు, డిస్కు జారిపోకుండా దాని చోట దాన్ని నిలిపి ఉంచడమే వాటి పని.

ఈ తేడా ఎంతటిదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. సిటీ చక్రం నట్లను 108 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, బిగించాలి. 12 మి.మీ. స్టడ్ మీద అంత టార్క్ పెడితే, మరలు పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడు ఒక్కొక్క స్టడ్ సుమారు 45 కిలోన్యూటన్ల బలంతో, అంటే నాలుగున్నర టన్నుల బరువుతో సమానంగా లాగుతుంది. నాలుగూ కలిస్తే 18 టన్నులు. ఆ చిన్న స్క్రూ వ్యాసం 6 మి.మీ., దాని టార్క్ 9.8 న్యూటన్ మీటర్లు, అది పట్టే బలం టన్ను కూడా కాదు. కాబట్టి నట్లు సరిగ్గా బిగించిన చక్రం వెనుక ఆ స్క్రూ లేకపోయినా బ్రేకు పనితీరులో మార్పు ఉండదు. చక్రం విప్పి ఉండగా స్క్రూ లేని డిస్కు ఊగడం సహజమే తప్ప లోపం కాదు.

ఇక అసలు భయపడవలసినవి వేరు. బ్రేకు తొక్కినప్పుడు డిస్కును ఒరుసుకుని ఆపే పలకలు ప్యాడ్లు, వాటిని డిస్కు మీద నొక్కే కాలిపర్ ఒక బ్రాకెట్ మీద కూర్చుంటుంది. ఆ బ్రాకెట్‌ను స్టీరింగ్ నకిల్‌కు, అంటే హబ్‌ను మోస్తూ స్టీరింగుతో పాటు మళ్లే భాగానికి, పట్టి ఉంచేవి వెనుకవైపు ఉండే రెండు పెద్ద బోల్టులు. బ్రేకు వేసిన ప్రతిసారీ డిస్కు ప్యాడ్లను తనతో పాటు తిప్పుకుపోవాలని చూస్తుంది, ఆ బలమంతా ఈ రెండు బోల్టుల మీద పడుతుంది. వీటిలో ఒకటి ఊడితే కాలిపర్ రెండో బోల్టు చుట్టూ తిరిగి రిమ్ము లోపలి అంచుకు గుద్దుకోవచ్చు, చక్రం పట్టేయవచ్చు, బ్రేకు గొట్టం తెగి ఆయిల్ అంతా కారిపోవచ్చు. కాలిపర్‌ను బ్రాకెట్‌కు కలిపే చిన్న పిన్ బోల్టులు వదులైనా ఇదే కథ, కాస్త ఆలస్యంగా జరుగుతుంది. వీటన్నిటికీ పైన చక్రం నట్లు ఉన్నాయి, అవి వదులైతే చక్రమే ఊడి పోతుంది.

ఐదో రకం కొన్ని పాత బండ్లలోనే కనిపిస్తుంది. 1990ల నాటి హోండా అకార్డ్, ఆ కాలపు నాలుగు చక్రాల డ్రైవ్ టయోటా హైలక్స్ వంటి వాటిలో డిస్కు టోపీలాగా పైనుంచి కూర్చోదు. హబ్ వెనుకవైపు నుంచి దాన్ని బోల్టులతో బిగిస్తారు, అక్కడ ఆ బోల్టులే బ్రేకు బలాన్ని మోస్తాయి. అమెరికాలో ఉంటూ పాత అకార్డ్ కొనుక్కున్న మన విద్యార్థులు చాలామందే ఉంటారు. వారు డిస్కు బోల్టు వదులైందని విన్నప్పుడు, సిటీ యజమానికి చెప్పినట్టు నిశ్చింతగా ఉండమని నేను చెప్పలేను. అటువంటి బండిని వెంటనే ఆపవలసిందే.

బండి నడుపుతుండగా తెలిసే గుర్తులు

శబ్దం ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నదాన్ని బట్టి చాలావరకు ఊహించవచ్చు. రివర్సులో వెనక్కి వచ్చి, ముందుకు కదిలి మొదటిసారి బ్రేకు వేయగానే ఒక్క టక్కు వినబడి, మళ్లీ రివర్సు చేసేదాకా రాకపోతే, ప్యాడ్లో కాలిపరో బ్రాకెట్టో ఒకవైపు నుంచి మరోవైపుకు జరుగుతోందని అర్థం. ప్యాడ్ల క్లిప్పు అరిగినా ఇలా వినిపిస్తుంది, బ్రాకెట్ బోల్టు వదులైనా ఇలాగే వినిపిస్తుంది. చెవితో ఆ రెంటినీ వేరుచేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే కనుక, చక్రం విప్పి చూడవలసిందే. గతుకుల మీద గలగలమని మోగుతూ, బ్రేకు మీద కాలు తేలికగా ఆనించగానే ఆగిపోయే శబ్దం సాధారణంగా కాలిపర్ పిన్నుల దగ్గరిది. వేగం పెరిగేకొద్దీ పెరిగే ఊపు, స్టీరింగులో కొత్తగా మొదలైన వణుకు, చక్రం దగ్గర లయబద్ధంగా టకటకమనే చప్పుడు కలిసి వస్తే నట్లను అనుమానించాలి. ముఖ్యంగా ఈ మధ్యనే ఎవరైనా చక్రం విప్పి ఉంటే, ఆ క్షణంలోనే రోడ్డు పక్కన ఆపి నట్లు చూసుకోవాలి. మెకానిక్ దగ్గరికి నెమ్మదిగా పోదాంలే అనుకోకూడదు.

రిమ్ము లోపల ఏదో రాసుకుంటున్న చప్పుడు వచ్చినా, పెడల్ ఉన్నట్టుండి లోతుకు దిగినా, బండి దానంతట అది ఒక పక్కకు లాగినా ఇక నడపకూడదు. అక్కడే తనిఖీ చేయాలి, లేదా బండిని ట్రక్కు మీద ఎక్కించి తరలించాలి.

చక్రం విప్పి చూసే పద్ధతి

సమతలమైన గట్టి నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా రాళ్లో చెక్క దిమ్మెలో పెట్టాలి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే కనుక ముందు భాగం లేపేటప్పుడు వాటికి అడ్డు పెట్టడం తప్పనిసరి. చక్రం నేల మీద ఉండగానే నట్లను ఒక్కొక్క అర చుట్టు వదులు చేయాలి. ఈ దశలోనే ఏ నట్టు పెద్దగా బలం పెట్టకుండా తిరిగిందో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే చక్రం విప్పాక ఆ సాక్ష్యం దొరకదు. తరువాత జాకీ వేసి లేపి, తయారీదారు చూపిన చోట స్టాండు పెట్టాలి. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే సరిపోతుంది. జాకీ ఒక్కదాని మీదే బండిని నిలబెట్టి కిందకు చేతులు పెట్టడం, ఇటుకలు పేర్చి దాని మీద ఆనించడం రెండూ ప్రాణాంతకమే.

చక్రం విప్పడానికి ముందే దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆట, అంటే వదులు కదలిక, కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అనుమానం హబ్ బేరింగు మీదికి వెళ్తుంది, పోకపోతే బాల్ జాయింటు వంటి సస్పెన్షన్ కీళ్ల మీదికి వెళ్తుంది. డిస్కు ఊగుతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి బేరింగువే.

చక్రం తీశాక మొదట దాని రంధ్రాలనూ స్టడ్లనూ చూడాలి. రంధ్రాలు కోలగా సాగి ఉన్నా, అంచులు మెరుస్తున్నా, నట్ల చుట్టూ తుప్పు గీతలు కారి ఉన్నా, స్టడ్ మరలు నలిగి ఉన్నా నట్లు కొంతకాలంగా వదులుగా ఉన్నాయని తెలుసుకోవచ్చు. అటువంటి స్టడ్లను మళ్లీ బిగించి సరిపెట్టకుండా మార్చాలి. పాత సిటీకి బయట కొన్న అల్లాయ్ చక్రాలు వేసి ఉంటే మరొక సంగతి కూడా చూడాలి. హోండా కంపెనీ చక్రాలకు నట్టు ఆనే చోటు గోళాకారంగా ఉంటుంది, బయటి చక్రాలలో అది చాలావరకు శంఖాకారంగా ఉంటుంది. ఒకదాని నట్టు మరొకదానికి వేస్తే అంచు మాత్రమే తగులుతుంది. ఎంత బిగించినా కొన్నాళ్లకు వదులవుతుంది.

తరువాత వెనుకవైపుకు చేయి పెట్టి బ్రాకెట్ బోల్టులు రెండింటికీ పానా వేసి, బిగించే దిశలో మాత్రమే గట్టిగా ఒత్తి చూడాలి. కదలకపోతే ఆ బోల్టు బిగువుగానే ఉంది. కాస్తయినా తిరిగితే అది వదులుగా ఉన్నట్టే, అప్పుడు దాన్ని పూర్తిగా బయటకు తీసి మరలు చూడకుండా మళ్లీ బిగించకండి. కాలిపర్ పిన్ బోల్టులను కూడా అలాగే చూడాలి, అయితే అవి చిన్నవి కనుక పెద్ద బోల్టుల మీద పెట్టినంత బలం పెడితే తెగిపోతాయి.

డిస్కును పరీక్షించే ముందు దాన్ని హబ్‌కు అదుముకునేలా చేయాలి. నట్ల కింద మందపాటి చదును వాషర్లు వేసి నాలుగింటినీ బిగించి, అప్పుడు డిస్కును ఊపాలి. అలా బిగించాక కూడా డిస్కు హబ్‌ను వదిలి కదులుతుంటే లోపం గంభీరమైనది. స్టడ్లు సాగి ఉండవచ్చు, డిస్కు మధ్య భాగం పగిలి ఉండవచ్చు, లేదా ఆ బండిలో వెనుకనుంచి బిగించే డిస్కు ఉండి దాని బోల్టులు వదులై ఉండవచ్చు. బిగించగానే డిస్కు కదలడం ఆగిపోతే, మీరు చూసిన ఊగు కేవలం స్క్రూ లేకపోవడం వల్ల వచ్చినదే.

మా బావగారి సిటీకి నాలుగేళ్ల కిందట దారిలో ఒక చిన్న షెడ్డులో ప్యాడ్లు మార్చారు. ఆ మరుసటి వారం నుంచి కుడివైపు టక్కుమనే శబ్దం మొదలైంది. చూపించిన మరో చోట డిస్కు ముఖం మీద స్క్రూ లేకపోవడం చూసి, దాని వల్లే శబ్దమని ఒక కొత్త స్క్రూ వేసి పంపారు. శబ్దం ఆగలేదు. ఇంటి దగ్గర చక్రం విప్పి చూస్తే బ్రాకెట్ పై బోల్టు చేతి వేళ్లతో తిరిగింది, కింది బోల్టు ఒక్కటే బ్రాకెట్‌ను పట్టి ఉంది. ప్యాడ్లు మార్చినప్పుడు దాన్ని చేత్తో ఎక్కించి, పానాతో బిగించడం మరిచిపోయి ఉంటారు. ఆ వారంలో ఆయన కుటుంబంతో తిరుమల వెళ్లి, మలుపు తరువాత మలుపుగా సాగే ఘాట్ రోడ్డులో కిందికి దిగి వచ్చారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. కనిపించిన చిన్న లోపం కనిపించని పెద్ద లోపాన్ని కప్పేసింది. అందుకే స్క్రూ లేదని తేలిన తరువాత కూడా తనిఖీ అక్కడితో ఆపవద్దని గట్టిగా చెబుతున్నాను.

చిన్న స్క్రూ ఎప్పుడు ప్రమాదకరం

స్క్రూ లేకపోతే ప్రమాదం లేదు కాని, తప్పుడు స్క్రూ ఉంటే ఉంది. అసలు స్క్రూ తల శంఖాకారంగా ఉండి డిస్కు ముఖంలోకి పూర్తిగా దిగిపోతుంది. అది దొరక్క దాని స్థానంలో మామూలు ఆరు పలకల తల ఉన్న బోల్టు వేస్తే, ఆ తల బయటికి పొడుచుకుని ఉంటుంది. చక్రం దాని మీద ఆని, డిస్కు మీద చదునుగా కూర్చోదు. నట్లు బిగిసినట్టే అనిపిస్తాయి. కొంత దూరం పోయాక ఆ తల నలిగి, నట్లన్నీ ఒక్కసారిగా వదులవుతాయి. సగం ఊడి బయటికి వచ్చిన అసలు స్క్రూ కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి స్క్రూ సరైనది దొరికితే వేయండి, దొరకకపోతే రంధ్రం ఖాళీగా వదిలేయండి.

పాత బండిలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, ఈ స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయి తల అరిగిపోతాయి. సరిపడే మూడో నంబరు ప్లస్ బిట్ పెట్టి, సుత్తితో కొట్టినప్పుడు తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ వాడితే చాలావరకు వస్తాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించకపోవడమే మంచిది, అరిగిన తలను మళ్లీ పట్టుకోవడం దుర్లభం. తల పూర్తిగా పోతే 8 మి.మీ. డ్రిల్లు బిట్‌తో తల ఊడేదాకా తొలవాలి. తల పోగానే బిగువు కూడా పోతుంది కనుక, డిస్కు తీశాక మిగిలిన ముక్కను పట్టకారుతో పట్టి తిప్పవచ్చు. డిస్కు హబ్‌కు అతుక్కుపోయి ఉంటే సుత్తితో బాదనవసరం లేదు. హోండా డిస్కుల మీద ఇందుకోసమే రెండు మరల రంధ్రాలు ఉంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు వేసి, ఒకదాని తరువాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే డిస్కు వంకర పోకుండా బయటికి వస్తుంది. ఈ పనికి ముందు కాలిపర్‌ను విప్పినప్పుడు దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టాలి. దుమ్మును ఊదవద్దు, గాలి కొట్టవద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక తడి గుడ్డతో తుడవాలి.

తిరిగి బిగించడం

హబ్ ముఖం, డిస్కు లోపలి ముఖం, చక్రం వెనుక ముఖం మూడూ వైర్ బ్రష్షుతో లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. ఇది అందం కోసం చేసే పని కాదు. మధ్యలో ఇరుక్కున్న తుప్పు పెచ్చు లేదా మందపాటి రంగు పొర బండి తిరిగేకొద్దీ నలిగి పలచనవుతుంది, ఆ మేరకు నట్ల బిగువు పోతుంది. పైగా డిస్కు వంకరగా కూర్చుంటుంది. హోండా డిస్కు అంచు దగ్గర ఊగు 0.10 మి.మీ. మించకూడదు, కాగితం మందమంత తుప్పు పెచ్చు దాన్ని దాటించడానికి చాలు. అలా వంకరగా తిరిగిన డిస్కు కొన్ని వేల కిలోమీటర్లకు ఎగుడుదిగుడుగా అరిగి, బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతుంది. చక్రం విప్పినప్పుడల్లా డిస్కు వాలిపోయి, తుప్పు రాలి మధ్యలో పడకుండా ఆపుతుంది కనుక, చిన్న స్క్రూ ఉంటే మంచిదని నేను అనుకునేది ఈ ఒక్క కారణం వల్లే. డిస్కు మీద ముద్రించిన కనీస మందాన్ని కూడా ఇప్పుడే కొలిచి చూసుకోండి.

బ్రాకెట్ బోల్టులను ముందు చేత్తో పూర్తిగా ఎక్కించి, తరువాత టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత టార్క్ పడుతోందో చూపే పానాతో, బిగించాలి. మీ మోడల్‌కు ఎంత టార్క్ పెట్టాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాలి, అనేక హోండా కార్లలో ఇది కూడా 108 న్యూటన్ మీటర్లే. వెనుకనుంచి బిగించే డిస్కు అయితే పాత బోల్టులను మళ్లీ వాడవద్దు, మరలకు జిగురు వేయాలో వద్దో మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. ఆ పనికి హబ్బును బయటికి తీయవలసి వస్తుంది, బేరింగు కూడా కదులుతుంది కనుక దాన్ని నొక్కి ఎక్కించే ప్రెస్సు యంత్రం ఉన్న వర్క్‌షాపుకు అప్పగించడమే మేలు.

చక్రం నట్ల మరలకు గ్రీజు పూయకండి. గ్రీజుతో మర జారుడుగా మారి, అదే టార్క్‌కు స్టడ్ మరింత సాగుతుంది. నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి, చివరి బిగింపు చక్రం నేల మీద ఆనాక చేయాలి. టార్క్ రెంచ్ లేకపోతే, 30 సెం.మీ. పొడవున్న పానా చివర సుమారు 37 కిలోల బలం పెడితే 108 న్యూటన్ మీటర్లు అవుతుందని గుర్తుంచుకోండి. 75 కిలోల మనిషి ఆ పానా మీద ఎక్కి నిలబడితే దానికి రెట్టింపు పడుతుంది, స్టడ్ అప్పుడే సాగి, ఎప్పుడో తెగుతుంది.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. ప్యాడ్లను వెనక్కి నెట్టి ఉంటే మొదటి తొక్కుకు బ్రేకు పట్టదు. తరువాత ఖాళీ వీధిలో, నడక వేగంతో ముందుకూ వెనక్కూ పోతూ బ్రేకు వేసి వినాలి.

15 ఏళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఫిట్‌నెస్ పరీక్ష చేయించినప్పుడు బ్రేకుల విషయంలో ప్రధానంగా అవి పట్టాయా లేదా అన్నదే తేలుతుంది. బోల్టు వదులుగా ఉందన్న సంగతి అందులో బయటపడకపోవచ్చు, ఒక్క బోల్టు మీద వేలాడుతున్న కాలిపర్ కూడా ఆ రోజుకు బ్రేకు పట్టగలదు.

50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక, బండి చల్లారిన తరువాత, నట్ల టార్క్ మళ్లీ చూడాలి. బ్రాకెట్ బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి సన్నటి తెల్ల రంగు గీత ఒకటి ముందే గీసి పెట్టుకుంటే, ఆ తరువాత చక్రం విప్పిన ప్రతిసారీ పానా పెట్టకుండానే బోల్టు తిరిగిందో లేదో కనిపిస్తుంది. మా బావగారి సిటీకి రెండువైపులా ఆ గీతలున్నాయి. టైర్లు మార్చడానికి వెళ్లినప్పుడు, చక్రం తిరిగి ఎక్కించే ముందు ఆయన వంగి వాటిని చూసి, గీత తెగకుండా తిన్నగా ఉందనుకున్నాకే ఎక్కించమంటారు.